పదకొండు నిమిషాలకో చుక్క

ఆయన్ను అందరూ చుక్కల మేస్త్రి అనేవారు. ఎదురుగా ఉంటే మేస్త్రిగారూ అని, పక్కకు తిరిగాక చుక్కల మేస్త్రి అని. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసీ కోపం తెచ్చుకోలేదంటే ఆ పేరు మీద ఆయనకు లోలోపల మోజు ఉండబట్టే. ఊరికి నీళ్ళు తోడే పంప్‌హౌస్‌లో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఫిట్టరుగా చేసి, అందులో సగం కాలం చేతిగడియారం చూసుకుంటూ చుక్కలు లెక్కపెట్టిన మనిషి మరి.

పెద్ద పంపులో తిరిగే షాఫ్ట్ బయటికి వచ్చే చోట నీళ్ళు చిమ్మకుండా జిడ్డు పట్టించిన తాడు చుట్టి బిగిస్తారు. కొత్తగా పనిలో చేరిన ప్రతివాడూ అక్కడ నీళ్ళు కారడం చూసి, ఇదేదో లోపమనుకుని, స్పానర్ పుచ్చుకుని ఇంకో రెండు చుట్లు బిగించేస్తాడు. అదే తప్పు. ఆ తాడు తడిగా ఉండాలి, అక్కడ ఆగకుండా చుక్కలు పడుతూ ఉండాలి. షాఫ్ట్‌ను చల్లగా ఉంచేది ఆ చుక్కే. నిమిషానికి నలభై పడితే మంచిది, ఇరవైకి తగ్గితే వదులు చెయ్యాలి. ఇది మేస్త్రి తన చేతికింద పనిచేసిన పాతికమందికీ నూరిపోసిన పాఠం.

ఒకసారి కొత్తగా వచ్చిన ఇంజనీరు నేలంతా చిత్తడిగా ఉందని చిర్రుబుర్రులాడి, అన్ని పంపులూ బిగించి చుక్క పడకుండా చెయ్యమన్నాడు. మేస్త్రి వద్దన్నాడు. ఆయన వినలేదు. మర్నాడు మధ్యాహ్నానికి తాడు కాలి పొగలొచ్చాయి, షాఫ్ట్ మీద గాడి పడింది, మూడు రోజులు ఊళ్ళో కుళాయిలు రాలేదు. ఇంజనీరు బదిలీ అయిపోయాడు. ఆనాటి నుంచి పంప్‌హౌస్‌లో మేస్త్రి మాటకు ఎదురన్నది లేకుండా పోయింది. అది ఆయనకు మంచి చేసిందని నేను అనుకోను. పదిమంది ముందు అంత గొప్పగా నెగ్గినవాడికి ఆ తర్వాత తనను తాను అనుమానించుకోవడం చేతకాదు. ఆయనకూ చేతకాలేదు.

ఇంట్లో మాత్రం ఎదురు చెప్పే మనిషి ఉండేది. ఆయన భార్య ముప్ఫై ఏళ్ళు ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసింది. కాగితం చేతికిస్తే కామా దగ్గర ఆగి, ఫుల్‌స్టాప్ దగ్గర ఊపిరి పీల్చుకుని చదివే రకం. నోరు కాస్త పదును. ఆయన పంప్‌హౌస్ కబుర్లు మొదలుపెడితే, "మళ్ళీ ఇంజనీరు కథేనా? పొగలొచ్చే దగ్గర్నుంచి చెప్పండి, ముందుది నాకు వచ్చు" అనేది. ఆయన నవ్వేవాడు గానీ పొగల కన్నా ముందు నుంచే చెప్పేవాడు.

ఆవిడకు మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. ఆ మిషన్లున్న ఆసుపత్రి పక్క పట్నంలో ఉంది, కారులో గంటంబావు దారి. మిషన్ మీద నాలుగు గంటలు, మళ్ళీ గంటంబావు. తాగే నీళ్ళకు కూడా లెక్కే. పొద్దున్నే ఒక సీసాలో ముప్పావు లీటరు పోసి పెట్టుకుంటే రాత్రి దాకా అదే. "ఊరందరికీ నీళ్ళు పోసిన మహానుభావుడి పెళ్ళానికి రోజుకో సీసా" అని ఆవిడే అనేది, ఆ సీసా పట్టుకుని ఆరుబయట కూర్చుని. రెండేళ్ళుగా ఆయన ఒక్కసారి కూడా ఆ ప్రయాణం తప్పనివ్వలేదు. వాళ్ళ పాత చిన్నకారు గోతులు చూసుకుంటూ, రొప్పుకుంటూ, ఎలాగోలా వేళకు చేర్చేది. ఆ కారు ఆగితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ మాట ఇద్దరూ ఎత్తేవారు కాదు.

కారుకు టైమింగ్ బెల్ట్ మార్చే గడువు దాటిందని వీధి చివర మెకానిక్ చెప్పాడు. ఆయన్ను బాబాయ్ అని పిలిచే చనువు అతనిది. ఇంజను ముందు భాగంలో ఉండే ఆ పళ్ళ బెల్టు తెగినా జారినా ఇంజను అక్కడికక్కడే చచ్చిపోతుందని, లోపల వాల్వులు వంగిపోతాయని వివరంగా చెప్పాడు. బెల్టు విప్పినప్పుడే దాని వెనకున్న ఆయిల్ సీళ్ళు కూడా మార్చెయ్యాలన్నాడు. చేతిలో పని చాలా ఉంది, నాలుగు రోజులు బండి వదిలేయమన్నాడు.

నాలుగు రోజులంటే మధ్యలో ఒక డయాలసిస్ పోతుంది. అద్దెకు బండి మాట్లాడుకుందామని భార్య అంది. ఎవడో తెలియనివాడి బండిలో, ఏ దారిలో ఏమవుతుందో అని ఆయన ఒప్పుకోలేదు. శుక్రవారం సాయంత్రం ఇంటికొస్తే మళ్ళీ సోమవారం పొద్దున దాకా బండితో పని లేదు, శని, ఆదివారాల్లో తనే విప్పి బిగించేస్తానన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు షాఫ్టులతో కాపురం చేసినవాడికి ఇదో లెక్కా అన్నాడు. మెకానిక్ తల గోక్కుని, చివరికి బెల్టు, రెండు సీళ్ళు తెప్పించి ఇచ్చాడు. ఆ కారు రిపేరు పుస్తకంలోంచి ముప్ఫై కాగితాలు నకలు తీయించి చేతిలో పెట్టాడు. "ఇందులో ఉన్నది ఉన్నట్టు చెయ్ బాబాయ్" అన్నాడు.

శనివారం పొద్దున్నే ఇంటిముందు షెడ్డులో పని మొదలైంది. ఆవిడ కుర్చీ వేయించుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. ఇంగ్లీషులో ఉన్నది మనసులో చదువుకుని తెలుగులో పైకి చెప్పేది. ఆయన విప్పేవాడు. జాకీ మీద నిలబెట్టి చక్రం తీసి, కింది పుల్లీ బోల్టు దగ్గర గంటన్నర కుస్తీ పట్టాడు. అది ఊడేసరికి తలప్రాణం తోకకొచ్చింది. పళ్ళ చక్రాల మీది గుర్తులు ఒకదానికొకటి సరిపోయాయో లేదో ఆవిడ వంగి చూసి, సరిపోలేదని రెండుసార్లు మళ్ళీ తిప్పించింది. విప్పిన పాత బెల్టును ఆయన పారేయలేదు, పనికొస్తుందని డిక్కీలో పడేశాడు. ఆ రోజు ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. జబ్బు గురించి కాకుండా వేరే దేని గురించో పోట్లాడుకుని చాలా కాలమైంది.

ఆదివారం సీళ్ళ పని. సీలంటే చేతిగాజు కన్నా చిన్నదైన రబ్బరు వలయం. లోపలి అంచు పలచగా ఉండి షాఫ్ట్‌ను చుట్టూ పట్టుకుని ఇంజనులోని నూనె బయటికి రాకుండా ఆపుతుంది. పాతవి గట్టిపడి పెంకులైపోయాయి. స్క్రూడ్రైవర్ మొనకు గుడ్డ చుట్టి, షాఫ్ట్ మీద గీత పడకుండా వాటిని పెకలించాడు. కింది సీలుకు సరిగ్గా సరిపోయే పైపుముక్క దొరికింది. దాన్ని ఆనించి సుత్తితో మెల్లగా కొడితే సీలు దాని చోట్లో సమంగా కూర్చుంది. పైన, వాల్వులను ఆడించే క్యామ్ షాఫ్ట్ సీలుకు మాత్రం తగిన పైపు దొరకలేదు. చెక్కముక్క పెట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు తట్టి దించాడు. వెంట్రుకవాసి వంకర వచ్చింది. కంటికి ఆనలేదు.

సాయంత్రం నాలుగింటికి కొత్త బెల్టు ఎక్కించి, పైమూత పెట్టకుండా ఇంజను నడిపి చూశాడు. మొదటి తాళానికే పట్టుకుంది. ఆయన మొహం వెలిగిపోయింది. కింది సీలు పొడిగా ఉంది. పై సీలు దగ్గర కాసేపటికి నూనె మెరిసింది, మెల్లగా ఊరి, చుక్క కట్టి, జారింది. ఆయన గడియారం చూసుకున్నాడు. రెండో చుక్కకు పదకొండు నిమిషాలు పట్టింది.

ఆవిడ కాగితం పైకెత్తి చదివింది. బిగించాక సీలు చుట్టూ ఏమాత్రం తడి కనబడినా తీసేసి కొత్త సీలు వేయాలి, నూనె తగిలిన బెల్టు పనికిరాదు అని ఉందందులో. ఆయన గడియారం వంకే చూస్తూ ఉండేసరికి మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"అది రాసినవాడికి చుక్క విలువ తెలీదు" అన్నాడాయన. "పొడిగా తిరిగే షాఫ్ట్ ఏదైనా కాలిపోతుంది. పదకొండు నిమిషాలకో చుక్క. నా సర్వీసులో ఇంత చక్కగా ఒక్క పంపు కూడా బిగించలేదు."

"అక్కడ నీళ్ళండీ. ఇది నూనె. పైగా కింద బెల్టుంది."

"చదవడం నీ పని. బిగించడం నా పని."

ఆవిడ కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఆవిడ కాపురం నలభై ఏళ్ళది. ఎక్కడ ఆపాలో ఆవిడకు తెలుసు, ఈసారి మాత్రం ఆపకుండా ఉండాల్సింది. అయితే ఆయన మాట అంతా మొండితనమని కూడా అనలేం. ఒకసారి దిగగొట్టిన సీలు పెకలిస్తే మళ్ళీ పనికిరాదు. ఇంకోటి కావాలంటే సోమవారం కొట్టు తెరవాలి, అంటే సోమవారం డయాలసిస్ పోయినట్టే. వచ్చే శనివారం చూద్దాంలే అన్నాడు ఆయన, ఆవిడ మొహం చూసి. ఆ మాట కూడా మనస్ఫూర్తిగానే అన్నాడు.

అన్నట్టే ఆ శనివారం పైమూత తీసి చూశాడు. చుక్క పదకొండు నిమిషాలకే పడుతోంది, ఒక్క క్షణం అటూ ఇటూ లేదు. లోపం ఉంటే పెరగాలి కదా, పెరగలేదంటే అది లోపం కాదని తేల్చుకున్నాడు. కొత్త సీలు తెస్తానన్నవాడు తేలేదు. ఆ పై శనివారమూ అంతే. నిజం చెప్పాలంటే ఆయనకు ఆ చుక్కను చూడటం ఇష్టంగా ఉండేది. రిటైరయ్యాక ఆయన చెప్పినట్టు వినే వస్తువేదీ మిగల్లేదు, ఆ చుక్క ఒక్కటే వేళ తప్పకుండా పడేది. ఆవిడ ఒకటి రెండుసార్లు అడిగింది. బండి వేళకు చేరుస్తోందా లేదా అని ఆయన ఎదురడిగాడు. చేరుస్తోంది మరి. గోటితో పోయేది గొడ్డలి దాకా రావడానికి ఆరువారాలు పట్టింది.

అది సోమవారం. శుక్రవారం తర్వాత రెండు రోజులు నిండుగా గడిచి వచ్చే సోమవారం ఆవిడకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది. కాళ్ళు పొంగేవి, ఆయాసం వచ్చేది. సగం దారిలో, అటూ ఇటూ మెట్ట పొలాలు తప్ప ఏమీ లేని చోట, ఇంజను ఒక్కసారి టపటపమని ఆగిపోయింది. తాళం తిప్పితే సర్రుమని ఊరికే తిరుగుతోంది తప్ప పట్టడం లేదు. ఆ తేలిక చప్పుడు వినగానే ఆయనకు అర్థమైంది. బానెట్ ఎత్తి మూత తీశాడు. బెల్టు నూనెలో నాని ఉబ్బింది. ఒకవైపు జానెడు మేర పళ్ళు నున్నగా ఊడిపోయి ఉన్నాయి.

ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేసింది. అంబులెన్స్ వేరే చోటికి వెళ్ళింది, అది రావడానికి గంటన్నర పడుతుంది, దారిలో ఏ బండి దొరికితే అది ఎక్కి వచ్చెయ్యమన్నారు. ఆ మాట ఆవిడ కిటికీలోంచి ఆయనకు చెప్పింది. "ఏదో ఒక బండి ఆపండి" అంది. ఆయన అప్పటికే డిక్కీలోంచి పాత బెల్టు తీశాడు. అరగంటలో ఎక్కించేస్తానన్నాడు. వాల్వులు వంగిపోయాక ఏ బెల్టు వేసినా ఒకటేనని ఆయనకు తెలియదా అంటే తెలుసు. తెలిసినా చేతులు ఆగలేదు. తను చెడగొట్టింది తనే బాగు చెయ్యాలన్న పట్టుదలలో నలభై నిమిషాలు బానెట్ కిందే వంగి ఉన్నాడు. ఆ నలభై నిమిషాల్లో ఆ రోడ్డు మీద మూడు లారీలు, ఒక బస్సు వెళ్ళాయి. కార్లో కూర్చుని వాటిని లెక్కపెట్టింది ఆవిడే. ఆ లెక్క తర్వాత ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఆయనకు చెప్పింది కూడా, నిందగా కాదు, ఊరికే.

ఆయన తలెత్తేసరికి ఆవిడ పెదాలు నల్లబడ్డాయి. అప్పుడు పరిగెత్తుకుంటూ వెళ్ళి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. కోడిగుడ్ల వ్యాను ఒకటి ఆగింది. డ్రైవరు పక్కన ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. ఆ డ్రైవరు పుణ్యాత్ముడు, గుడ్లు ఏమైపోయినా సరేనని తోలాడు. ఆసుపత్రిలో మంచం మీదికి ఎక్కించారు, సూది గుచ్చడానికి చెయ్యి పట్టుకున్నారు. మిషన్ తగిలించేలోపే గుండె ఆగిపోయింది. మళ్ళీ కొట్టించడానికి చాలాసేపు చూశారు. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతులు మోచేతుల దాకా నూనెతో.

ఆ తర్వాత వచ్చినవాళ్ళందరూ ఆయన్ను ఓదార్చారు. మెకానిక్ వచ్చి, కారు తన దగ్గరికి లాగించుకుని చూశానని, ఆ బెల్టు నాసిరకమని, తెప్పించి ఇచ్చింది తను కాబట్టి ఆ పాపం తనదేనని చెయ్యి పట్టుకుని చెప్పాడు. సీలు సంగతేమిటని ఆయన అడిగితే, సీలు బ్రహ్మాండంగా ఉంది బాబాయ్ అన్నాడు. పంప్‌హౌస్ నుంచి పాత శిష్యులు వచ్చారు. ఇప్పుడక్కడ ఫోర్‌మన్‌గా ఉన్నవాడు, ఒకప్పుడు ఈయన చేత మొట్టికాయలు తిన్నవాడు, మేస్త్రిగారి చెయ్యి తప్పు చెయ్యదని అందరి ముందూ గట్టిగా అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. ఆయన ఒక్కొక్కరి మొహమూ చూశాడు. చుక్క గురించి చెప్పబోతే, ఇప్పుడవన్నీ ఎందుకు మేస్త్రిగారూ అని అడ్డుపడ్డారు. మీరు చెప్పింది తప్పు అనే మాట ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. అనగలిగిన ఒక్క మనిషీ పోయింది.

ఆయనకు నిద్ర పోయింది, ఆకలి పోయింది. తప్పు చేశానన్న బాధ కన్నా, అది తప్పు కాదని అందరూ కలిసి చెబుతుంటే పిచ్చెక్కినట్టుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ ముప్ఫై కాగితాలూ ముందేసుకుని, ఆవిడ చదివిన వాక్యం వెతికి, తనకు వచ్చిన అరకొర ఇంగ్లీషులో కూడబలుక్కుని చదివేవాడు. ఆవిడ ఒక్క ముక్క కూడా పొల్లు చెప్పలేదు.

కూతురు రెండు వీధుల అవతల ఉంటుంది. బస్ డిపోలో టికెట్లిచ్చే కౌంటర్లో ఉద్యోగం. రోజూ డ్యూటీ దిగాక వచ్చి వంట చేసి, గిన్నెలు కడిగి, ఆయన తినేదాకా కూర్చుని వెళ్ళేది. మాట్లాడేది తక్కువ. మూడోవారంలో ఒక సాయంత్రం, కూతురు తల్లి చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దుతుంటే, ఆయన వెళ్ళి గుమ్మానికి ఆనుకుని నిలబడి మొత్తం చెప్పేశాడు. సీలు వంకరగా కూర్చోవడం, పదకొండు నిమిషాల చుక్క, మీ అమ్మ రెండుసార్లు చదివి వినిపించినా తను కొట్టిపారేయడం, ఆరు శనివారాలు, నలభై నిమిషాలు. ఏదీ దాచలేదు. చెప్పడం అయ్యాక తల దించుకుని నిలబడ్డాడు, ఏం పడినా పడనీ అని.

కూతురు చీర మడత ఆపలేదు. కొంగు అంచు సరిచేసి పెట్టెలో పెట్టింది.

"తెలుసు నాన్నా" అంది. "నువ్వు బానెట్ కింద ఉన్నప్పుడు అమ్మ నాకు ఫోన్ చేసింది."

ఏమందని అడిగాడాయన.

"అంతా చెప్పింది. తనకేమైనా అయితే బెల్టు మంచిది కాదని అందరిచేతా చెప్పించమంది. మెకానిక్ అన్నయ్యకు, మీ పంప్‌హౌస్ వాళ్ళకు నేనే చెప్పాను. నిన్నొక్క మాట అనొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది."

ఇన్నాళ్ళూ తనను ఓదార్చింది ఎవరో ఆయనకు అప్పుడు తెలిసింది. "ఒక్కసారి తిట్టవే" అన్నాడు. ఆ మాట అడుగుతున్నప్పుడు ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది.

కూతురు పెట్టె మూత వేసింది. లేచి నిలబడింది. అప్పుడు మొదటిసారి ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"అమ్మకు మాటిచ్చాను కాబట్టి అనట్లేదు నాన్నా. క్షమించానని మాత్రం అనుకోకు."

వంటింట్లోకి వెళ్ళి ఆయనకు కంచంలో అన్నం పెట్టింది. ఆయన తినేదాకా ఎప్పట్లాగే ఎదురుగా కూర్చుంది, కంచం కడిగింది, రేపు కాస్త ఆలస్యమవుతుందని చెప్పి వెళ్ళింది. ఆ తర్వాత ఒక్కరోజు కూడా రావడం మానలేదు. కూర ఎలా ఉందని అడుగుతుంది, మందులు వేసుకున్నావా అని అడుగుతుంది. ఆయన అన్నిటికీ బుద్ధిగా జవాబు చెబుతాడు. ఆమె చెప్పులు విడిచే చప్పుడు వినగానే, ఈ రోజైనా తిడుతుందేమోనని లేచి కూర్చుంటాడు.